కొస లేని నాలుగు

ఆ వానాకాలమంతా మా నాన్న కళ్లు నేనే. ఈ సంగతి ఇంట్లో ఉన్న ముగ్గురికి తప్ప బయట పిట్టకు కూడా తెలియదు. తెలిస్తే కొట్టు మూసుకోవాల్సిందే. చూపు సరిగా ఆనని మనిషి దగ్గర తుపాకులు బాగుచేసే లైసెన్సు ఎవరూ ఉంచరు.

అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా తుపాకీ తెస్తే నేను దాన్ని బల్లమీద పడుకోబెట్టి, నూనెగుడ్డతో తుడుస్తూ, నాలో నేను గొణుక్కుంటున్నట్టు కనిపించినవన్నీ చదివేదాన్ని. ఇక్కడ తుప్పు, ఇక్కడ పగులు, ఇక్కడ ఫలానా ముద్ర. నాన్న భూతద్దం కంటికి ఆనించుకుని, కాసేపు తల అటూ ఇటూ తిప్పి, నేను గొణిగిందే గంభీరంగా పైకి చెప్పేవాడు. వచ్చినవాళ్లు ఈ వయసులో ఏం చూపండీ అని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. వాళ్లు మెట్లు దిగగానే అమ్మ లోపలి గదిలోంచి, నాటకం అయిపోతే చేతులు కడుక్కుని రండి అని కేకేసేది. నాన్న నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్నే కానీ లోపల ఒకటే దిగులు. నేను ఒక్కటి తప్పు చదివినా, చదవాల్సింది చదవకుండా వదిలేసినా, ఆయన దాన్నే నమ్మి పని చేస్తాడు.

మొదటి వానలు పడ్డ వారంలోనే టోపీ పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు రసీదులో రాశాం గానీ ఇంట్లో మాకు టోపీ పెద్దాయనే. తడిసిన టోపీ తీసి సరిగ్గా పని బల్లమీదే పెట్టడం ఆయనకు అలవాటు, ఆ నీళ్లు తుడవడం నాకు పని. పాత కంబళిలో చుట్టి ఒక వేట రైఫిల్ తెచ్చాడు. వాళ్ల తాతది. విప్పి చూస్తే దానికి ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ. గురి చూసే వెనక రెక్క లేదు, అడుగు పలక లేదు, అన్నిటికంటే ముఖ్యమైన బోల్టు లేదు. బోల్టు లేని రైఫిల్ అంటే తలుపు లేని ఇల్లే. తూటాను వెనకనుంచి మూసి పట్టుకునేది అదే.

లైసెన్సు ఆఫీసులో కొత్త ఉత్తర్వు వచ్చిందట. పాత తుపాకులన్నీ వానాకాలం దాటేలోపు చూపించాలి. ఏ సంవత్సరంలో తయారైందో మేస్త్రి రాసిన కాగితం ఉండాలి, అన్ని భాగాలూ ఉండి కాల్చి చూసినట్టు సంతకం ఉండాలి. లేకపోతే సొంతదారు ఎదుటే రంపంతో మూడు ముక్కలు చేస్తారట. టోపీ పెద్దాయన ఆ మాట చెబుతూ గొట్టం మీద చెయ్యి వేసి నిమిరాడు. మా తాత చేతిలో పెరిగాను మేస్త్రిగారూ, దీన్ని రంపం కింద పెట్టి నేను చూస్తూ నిలబడలేను అన్నాడు.

నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయుంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

సంవత్సరం తేల్చడానికే మూడు వారాలు పట్టింది. ఏ ఒక్క గుర్తునూ నమ్మకూడదు, మూడు గుర్తులు ఒక్క మాట చెప్పాలి అనేది మా నాన్న పట్టు. చెక్కనుంచి గొట్టం విడదీసి అడుగున ఉన్న ముద్రలన్నీ నేను చదివాను. ముప్పై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిది, ఇది నంబరు. నాన్న దగ్గరున్న పాత పుస్తకం ప్రకారం ఆ నంబరు అయిదారేళ్ల వ్యవధిలో ఎప్పుడైనా పడి ఉండొచ్చు. కాల్చి చూశాక కార్ఖానా కొట్టే పరీక్ష ముద్రలో కిరీటం కింద బాణం ఉందా, గీత ఉందా అని అడిగాడు. బాణం అన్నాను. అయిదారేళ్లు కాస్తా రెండేళ్లయింది. మూడో గుర్తు దొరక్క వారం రోజులు ఆయన నిద్రలో కూడా చేతులు కదిపాడని అమ్మ గొణిగింది. చివరికి చెక్క మడమ దగ్గర, భుజానికి ఆనే చోట ఉన్న ఇనుప పలక విప్పితే, లోపలి పచ్చి చెక్కమీద, చెక్క చెక్కిన వడ్రంగి ఎవరో పెన్సిలుతో నెలా సంవత్సరం రాసి పెట్టాడు. పెన్సిలు రాత వేలికి అందదు. నాన్న దానిమీద బొటనవేలు ఆనించి, మళ్లీ చదువు అన్నాడు. చదివాను. తొంభై ఏడేళ్లు అన్నాడు. పలక మళ్లీ బిగించేదాకా వేలు తియ్యలేదు.

రెక్క ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు. గడియారాలు బాగుచేసే ముసలాయన తన ఇనుప తుక్కు డబ్బాలో దాన్ని ఇరవై ఏళ్లుగా ఏదో గోడ గడియారం తాలూకు ముక్క అనుకుని దాచుకున్నాడు. అడుగు పలక మేమే ఉక్కు రేకులోంచి కోసి, ఆకురాయి పట్టి తయారుచేశాం. మిగిలింది బోల్టు. ఆ కార్ఖానా మూతపడి యుగాలైంది. పాత భాగాలు అమ్మే దుకాణాలు ఎనిమిదింటి చిరునామాలు సంపాదించి, నాన్న చెబుతుంటే నేను ఉత్తరాలు రాశాను. అవి కూడా టోపీ పెద్దాయన పేరూ చిరునామా పెట్టి. ఇంత పేరున్న మేస్త్రి ఒక బోల్టు కోసం ఊళ్లమ్మట వెతుకుతున్నాడంటే నలుగురిలో నామోషీ అని నాన్న గొడవ.

అక్కడే నేను తప్పు చేశాను.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బోల్టు కోసం రాసే ఉత్తరంలో రైఫిల్ నంబరు రాయకూడదు. కార్ఖానాలో ఒక్కో రైఫిలుకు ఒక్కో బోల్టును సరిపెట్టి, ఆ రైఫిల్ నంబరులో చివరి మూడంకెలు బోల్టుమీద కొట్టేవాళ్లు. నంబరు ముందే తెలిస్తే, ఏదో ఒక బోల్టుమీద ఆ మూడంకెలూ కొట్టి ఇదే మీది అని పంపేవాళ్లు లోకంలో ఉన్నారు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఎనిమిది ఉత్తరాలు వరసగా రాస్తూ, వివరాలన్నీ పొందిగ్గా ఉండాలనే యావలో, రకం, కొలత, సంవత్సరం కింద నంబరు కూడా రాసేశాను. పాత రోజుల్లో అయితే నాన్న చదివి చూసేవాడు. ఇప్పుడు ఆయనకు కాగితం తెల్లగా కనిపిస్తుంది, అంతే. చివరి కవరు పోస్టు డబ్బాలో పడి చప్పుడయ్యాక గుర్తొచ్చింది. ఏమవుతుందిలే, నిజమైనవాళ్లు లేరని రాస్తారు, అబద్ధం వాళ్లను నేను కనిపెట్టలేనా అని సర్దిచెప్పుకుంటూ గొడుగు వేసుకుని ఇంటికొచ్చాను. నాన్నతో చెప్పలేదు.

ఏడు దుకాణాలనుంచి లేదనే జవాబు. ఎనిమిదోది నెలకు పార్సిలై వచ్చింది. టోపీ పెద్దాయన దాన్ని విప్పకుండానే కొట్టుకు తెచ్చాడు. నూనెగుడ్డ విప్పి, బోల్టు తుడుస్తూ, అలవాటు ప్రకారం గొణిగాను. ఆరు. నాలుగు. తొమ్మిది.

నాన్న చేతిలో భూతద్దం ఆగిపోయింది. మళ్లీ చదవమన్నట్టు నా మోచేతిని తట్టాడు. మళ్లీ చదివాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం ఆ ముఖంలో చూసి నాకెన్నేళ్లయిందో. ఏ కాలంలోనో తుపాకులు అప్పగించమన్నప్పుడు బోల్టులు విడిగా, తుపాకులు విడిగా లాక్కుని ఉంటారు, అలా విడిపోయిన జంటలు ఇలా కలవడం లక్షకు ఒకటి అని టోపీ పెద్దాయనకు వివరించాడు. బోల్టు లోపలికి తోసి మూస్తే చప్పుడు లేకుండా కూర్చుంది. ఇక గేజీ పెట్టి చూడక్కర్లేదు, దాని బోల్టు దాని దగ్గరికే వచ్చింది, గురువారం క్వారీలో మొదటి గుండు కాలుస్తాను అని మాటిచ్చేశాడు. టోపీ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యా నేను గుడ్డ పట్టుకుని కుక్కిన పేనులా నిలబడ్డాను. నలుగురి ముందు ఆయన చూపును నేను కాదనడం ఎలా? అది మా నాటకంలో లేని మాట.

గేజీ అన్నానుగా. బోల్టు మూశాక దానికీ తూటా అడుక్కూ మధ్య సందు ఎంతుందో చూసే ఉక్కు ముక్క అది. ఆ సందు వెంట్రుకవాసి ఎక్కువైనా తూటా వెనక్కి పగులుతుంది. నిప్పూ ఇత్తడి ముక్కలూ కలిసి కాల్చేవాడి కంటిమీదికే వస్తాయి. మా తాత కుడి బుగ్గమీద చనిపోయేదాకా మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలుండేవి. అయినా ఆయన పెట్టిన నియమమే మా కొట్లో ఇప్పటికీ నడుస్తోంది. బిగించినవాడే మొదటి గుండు కాల్చాలి, అదీ చెక్కకు బుగ్గ ఆనించి. తన ముఖం పెట్టడానికి జంకే మేస్త్రి ఎదుటివాడికి తుపాకీ ఇవ్వకూడదని. అప్పట్లో కొట్లో గేజీలు ఉండేవి. ఇప్పుడు లేవు, అవసరమైతే అడిగి తెచ్చుకోవాలి. అవి ఎక్కడికి పోయాయో చెప్పాలంటే మా చిన్నాన్న సంగతి చెప్పాలి.

ఆ మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో బోల్టు చూశాను. నంబరు రాసింది నేనే గనక ఆ మూడంకెలమీద నాకు మొదటినుంచీ గురి కుదరలేదు. ఆరు బాగుంది. తొమ్మిది బాగుంది. నాలుగులో అడ్డగీత కుడివైపు కొస లేదు. పురుగు కొరికినట్టు సగంలో ఆగిపోయింది. ఆ నాలుగు నాకు తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కొట్లో ఎవరూ లేకుండా చూసి అంకెల ముద్రల పెట్టె తీశాను. ఉక్కు పుల్లల్లాంటి పది ముద్రలు, ఒక్కోదాని చివర ఒక్కో అంకె. సీసం ముక్కమీద కొట్టి ఆడుకోవాల్సింది, దాగలి అనే ఇనుప దిమ్మమీద పెట్టి సుత్తితో కొట్టాను. నాలుగు కొస ఎగిరిపోయింది. దాన్ని దాని గూట్లో పెట్టేసి మూత వేశాను. మర్నాడు ఎస్టేటు కాపలాదారుల తుపాకులు నలభై వచ్చాయి, అన్నిటికీ నంబర్లు కొట్టాలి. కొట్టినవాడు చిన్నాన్న. సగం తుపాకులమీద నాలుగు అంకె కుంటిది పడింది. వచ్చిన పెద్దమనుషుల ముందు నాన్న చిన్నాన్న చెంప పగలగొట్టాడు. నేను కాదన్నయ్యా అని చిన్నాన్న రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. విరగ్గొట్టినవి నువ్వే ఉంచుకో అని నాన్న ముద్రల పెట్టె, దాంతోపాటు గేజీల పెట్టె, చేతికందినవన్నీ వీధిలోకి విసిరాడు. చిన్నాన్న అవి ఏరుకుని వెళ్లిపోయాడు. నన్ను భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. నేను తలుపు వెనక నిలబడి చూశాను. నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లలో పెగిలిన రోజు లేదు. ఆయన ఎక్కడున్నాడో, ఏం చేసుకుని బతుకుతున్నాడో మాకు తెలియదు.

ఇప్పుడు తెలిసింది.

మంగళవారం ఒక పని చేశాను. ఖాళీ తూటా అడుగున పలచటి కాగితం ముక్కలు ఒకదానిమీద ఒకటి అంటించి, రైఫిల్లో పెట్టి బోల్టు మూసి చూశాను. సరైన బోల్టయితే రెండో పొరకే మొరాయించాలి. రెండు పొరలకూ మూసుకుంది. మూడుకూ మూసుకుంది. నాలుగో పొరకు కూడా చల్లగా మూసుకుని కూర్చుంది. తూటా చేతిలోంచి జారి కింద పడింది. అమ్మ లోపలినుంచి ఏం పడిందే అంది. ఏం లేదన్నాను.

చెప్పేస్తే అయిపోయేది కదా అని ఎవరైనా అడగొచ్చు. బుధవారం పొద్దున అదే అనుకుని వెళ్లాను. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు. చూపు పోయినప్పటినుంచి ఆయన పాడగా నేను వినలేదు. ఎవరిదగ్గరైనా గేజీ అడిగి తెస్తాను నాన్నా అన్నాను. అంతే, ఒంటికాలిమీద లేచాడు. నంబరు కలిసిన బోల్టుకు గేజీ పెడితే కార్ఖానావాణ్ని అవమానించినట్టు, నువ్వు చదివిన అంకెలమీద నీకే నమ్మకం లేదా అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. ఆ జవాబు చెప్పాలంటే ముందు ఉత్తరంలో నంబరు రాశానని చెప్పాలి. తర్వాత ఆ నాలుగు మనదేనని చెప్పాలి. తర్వాత దాన్ని ఎవరు విరగ్గొట్టారో చెప్పాలి. తమ్ముడి చెంపమీద పడ్డ దెబ్బ ఎవరిమీద పడాల్సిందో ఈ వయసులో ఆయనకు చెప్పి, ఆ తర్వాత రోజూ ఆయన పక్కన కూర్చుని అంకెలు చదవాలి. నాకు ధైర్యం చాలలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాన్న ముఖం పగులుతుందనే భయమూ, నాన్న నన్ను అసహ్యించుకుంటాడనే భయమూ రెండూ పక్కపక్కనే కూర్చుంటే, ఆ రోజు రెండోదే పెద్దగా కనిపించింది.

సాయంత్రానికి ఒక ఉపాయం తట్టింది. బిగించింది నేను కదా, మొదటి గుండు నేనే కాలుస్తాను అన్నాను. ఏదో వంక పెట్టి తాడు కట్టి దూరంనుంచి లాగొచ్చని నా ఎత్తు. నాన్న నా తలమీద చెయ్యి వేశాడు.

"కళ్లు నీవే తల్లీ. బుగ్గ మాత్రం నాదే."

గురువారం తెల్లవారేసరికి వాన ఆగిపోయింది. వానైనా పడితే వాయిదా పడేదని పొద్దుటినుంచీ ఆకాశం కేసి చూస్తూనే ఉన్నాను. క్వారీ గోతుల్లో ఎర్రటి నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎదురుగా మట్టికట్ట, దాన్ని కాల్చడానికి గురి కూడా అక్కర్లేదు. నేను బల్లమీద ఇసుక బస్తా వేసి, రైఫిల్ దానిమీద పెట్టాను. టోపీ పెద్దాయన టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని, గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. నాన్న స్టూలుమీద కూర్చుని చెక్కను భుజానికి ఆనించుకున్నాడు. తూటా ఇవ్వమని చెయ్యి చాపాడు. ఇచ్చాను. బోల్టు ముందుకు తోసి, కిందికి వంచి మూశాడు. తల వంచి బుగ్గ చెక్కకు ఆనించాడు.

అరవాలనుకున్నాను. వచ్చింది ఆ గొణుగుడే. రోజూ కొట్లో చేసినట్టే, జేబులోంచి గుడ్డ తీసి, ఆయన పక్కన వంగి, బోల్టుమీద తుడుస్తూ చదివాను.

"ఆరు. నాలుగు. నాలుగుకు కుడివైపు కొస లేదు."

నాన్న వేలు ట్రిగ్గరు దగ్గర ఆగింది. బుగ్గ తియ్యలేదు.

"ముద్రలకు కొసలు విరుగుతూనే ఉంటాయి" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

"ఇది మనదే నాన్నా. దాగలిమీద పెట్టి విరగ్గొట్టింది నేను. చిన్నాన్న కాదు. ఉత్తరంలో నంబరు రాసిందీ నేనే."

కట్టమీద ఏదో పిట్ట అరుస్తోంది. ఆయన ఊపిరి తీయడం నాకు వినపడుతోంది. తర్వాత బుగ్గ చెక్కమీదనుంచి లేచింది. బోల్టు ఎత్తి, తూటా బయటికి తీసి, నా అరచేతిలో పెట్టాడు. తలెత్తి టోపీ పెద్దాయన ఉన్నాడనుకున్న వైపు తిరిగి, అయ్యా, మీ కారులో తాడేమైనా ఉందా అని అడిగాడు.

బస్తాల మధ్య రైఫిల్ని కట్టి, బండరాయి వెనక ముగ్గురం కూర్చున్నాం. తాడు నేను లాగాను. ఒక చప్పుడు రావాల్సింది, రెండు వచ్చాయి. వెళ్లి చూస్తే బోల్టు తల విరిగి పక్కకు తిరిగిపోయింది. చెక్క నిలువునా చీలింది. బుగ్గ ఆనే చోట వేసిన ఇసుక బస్తాకు చారెడు కన్నం, అందులోంచి ఇసుక ధారగా కారుతోంది. టోపీ పెద్దాయన టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, అక్కడే రాయిమీద కూలబడ్డాడు. నేను తాడు చుట్టుకుంటూ బండరాయి దగ్గరికి నడిచాను.

నాన్న ఆ రాయి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందో చెప్పు. నాకు కనపడదు" అన్నాడు, పైకి, పరాయి మనిషి ఎదుటే.

చూసింది చూసినట్టు చెప్పాను. బస్తా కన్నం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయనే వెళ్లి దాంట్లో చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

టోపీ పెద్దాయన ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. సంవత్సరం కాగితం తీసుకున్నాడు. రైఫిల్ని ఆఫీసులో రంపం పెట్టారు, ఆయన వెళ్లలేదు, తన బదులు మేం వస్తామని రాసిచ్చి మమ్మల్నే తీసుకెళ్లమన్నాడు. వడ్రంగి పెన్సిలు రాత ఉన్న చెక్క ముక్క మాత్రం అడిగి పట్టుకెళ్లాడు. నాన్న కళ్ల సంగతి ఆయన బయట చెప్పలేదు. నాన్నే చెప్పాడు. ఆ వారమే లైసెన్సు కాగితాలు నా పేరుకు మార్చమని అర్జీ పెట్టించాడు.

నాతో మాత్రం మాట్లాడలేదు. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. తిట్టినా బాగుండేది. అడిగిందానికి తల ఊపడం, నేను గదిలోకి వస్తే ముఖం కిటికీవైపు తిప్పుకోవడం. అమ్మకు క్వారీలో ఏమైందో తెలియదు, ఇద్దరూ మూగనోము పట్టారా అని విసుక్కుంది. నేను దేనికి భయపడ్డానో అదే జరుగుతోంది, ఇంకెన్నేళ్లు జరుగుతుందో తెలియదు. అయినా ఆయన ముఖం ఉంది, ఆ ముఖానికి రోజూ గడ్డం పెరుగుతోంది. అది చూసి బతికాను.

అయిదో రోజు కాగితం తీసుకోమన్నాడు. ఈసారి తన పేరుమీదే, ఆ ఎనిమిదో దుకాణానికి. నాన్న చెప్పినట్టే రాశాను. నువ్వు పంపిన బోల్టు పేలింది. అంతకు కాస్త ముందు చెక్కకు బుగ్గ ఆనించి కూర్చున్నది నేను. నాలుగు విరగ్గొట్టింది నువ్వు కాదని ఇప్పుడు తెలిసింది. అక్కడితో ఆగాడు. ఇంకేం రాయమంటావు అని అడిగాను. చోటు వదిలెయ్ అన్నాడు. ఆ ఖాళీ కిందే వంకరగా సంతకం చేశాడు.

జవాబు రాలేదు. వానలు వెనకబట్టాయి. గోడలమీద చెమ్మ ఆరింది. అప్పుడు ఒక మధ్యాహ్నం, నేను ఒక తాళం కప్పకు స్ప్రింగు వేస్తుంటే, గడపలో ఎవరో నిలబడ్డారు. తల పూర్తిగా నెరిసిన మనిషి. మనిషిని పోల్చుకోలేదు గానీ చంకలో ఉన్న పెట్టెను పోల్చుకున్నాను. నాన్న తల తిప్పాడు. ఇలాంటప్పుడు ఎవరొచ్చారో గొణగడం నా పని. నేను స్ప్రింగు పట్టుకునే లేచి నిలబడ్డాను.

"ఎవరది? నాకు చూపు లేదు, చెప్పండి" అన్నాడు నాన్న.

వచ్చింది చిన్నాన్నే. లోపలికొచ్చి, పెట్టె బల్లమీద పెట్టి, మూత తీసి, అందులోంచి ఒక ముద్ర తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న దాన్ని వేళ్లమధ్య తిప్పి, చివర బొటనవేలు ఆనించాడు. కొస లేని చోట వేలు ఆగింది. చిన్నాన్న చేతిని వెతికి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత తన చేతిని పైకి పాకించి, తమ్ముడి చెంపమీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. అమ్మ లోపలినుంచి వచ్చి, చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

చిన్నాన్న నావైపు ఒకసారి చూశాడు. కోపంగా చూడలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

"నంబరు కలిస్తే కొంటారు, కలవకపోతే కొనరన్నయ్యా. కొట్టి పంపేవాణ్ని. ఎవరైనా కొలిచి చూసుకోకుండా కాలుస్తారా అనుకున్నాను."

"నేను చూసుకోలేదుగా" అన్నాడు నాన్న. చెయ్యి ఇంకా ఆయన చెంపమీదే ఉంది. "ఇలాంటివి ఎన్ని పంపావురా?"

చిన్నాన్న తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఒక్క ముఖం గురించి. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో, ఎవరి తాతల తుపాకులకు ఎవరు బుగ్గ ఆనిస్తున్నారో, అవన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"ఎక్కువే" అన్నాడు చిన్నాన్న. "చిరునామాలు కొన్ని ఉన్నాయి. కొన్ని లేవు."

"ఉన్నవి చెప్పు" అన్నాడు నాన్న. నావైపు తిరిగి, కాగితాలు తెమ్మన్నాడు.

తెచ్చాను. చిన్నాన్న జేబులోంచి మడతలు పడ్డ చిన్న పుస్తకం తీసి మొదటి చిరునామా చదివాడు. ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను. మీ రైఫిల్ బోల్టుమీద నాలుగు అంకె ఉంటే, కుడివైపు కొస ఉందో లేదో చూసుకోండి. లేకపోతే దయచేసి దానికి బుగ్గ ఆనించకండి. అసలు నాలుగే లేకపోయినా గేజీ పెట్టి చూశాకే కాల్చండి. రాసింది పైకి చదివి వినిపించాను. నాన్న సరే అని తల ఊపాడు. చిన్నాన్న రెండో చిరునామా చదివాడు.